ఉగాండాకు మా సంఘం వైద్య బృందం: 14 మంది, 9 రోజులు. ఇక్కడి నుంచి ఏమేం చూసుకుని పోవాలి?

సంఘం సెక్రటరీ, చిత్తూరు

అందరికీ వందనాలు. మా సంఘం నుంచి ఈ నవంబరులో ఉగాండాకు వైద్య బృందం పోవాలని తీర్మానమైంది. తూర్పు వైపు బుసోగా ప్రాంతంలో, జింజా పట్నం నుంచి లోపలికి పోతే అక్కడి సంఘం వాళ్ళు నడిపే చిన్న ఆసుపత్రి ఒకటి ఉంది. వాళ్ళే పిలిచారు. మొత్తం 14 మందిమి. జనరల్ డాక్టర్లు ఇద్దరు, పిల్లల డాక్టరమ్మ ఒకరు, పళ్ళ డాక్టరు ఒకరు, నర్సులు నలుగురు, ఫార్మసిస్టు ఒకరు. మిగతా ఐదుగురం వైద్యం తెలియని వాళ్ళం. రానుపోను ప్రయాణాలు, ఒక ఆదివారం ఆరాధన తీసేస్తే క్యాంపులకు 4 రోజులు మిగులుతాయి. పూటకో ఊరు లెక్కన 8 ఊళ్ళు, రోజుకు 400 మందిని చూడాలని ఆశ.

పెనుమూరు, గంగాధరనెల్లూరు పక్క ఇట్లాంటి క్యాంపులు పెట్టడం మా బృందానికి అలవాటే. దేశం దాటడం ఇదే మొదలు. మందులు 6 అట్టపెట్టెలు ఇక్కడే సర్దుకుని పోదామనుకుంటున్నాం. తెలిసిన డాక్టర్లు శాంపిళ్ళు కూడా ఇస్తామన్నారు. అనుమతులు, మందులు, టీకాలు, రోగుల లెక్క, వీటిలో మేం ఎక్కడ తప్పుతున్నామో చెప్పండి. ఇంకా టికెట్లు తీసుకోలేదు.

మిషన్ ఆసుపత్రి నర్సు, గుడిపాల

వందనాలు బ్రదర్. టికెట్లు తీసుకోకముందే అడిగారు, మంచిదైంది. మొదట తేదీ మార్చండి. ఉగాండాలో దక్షిణ, తూర్పు భాగాలకు ఏటా రెండు వానకాలాలు. ఒకటి మార్చి నుంచి మే దాకా, రెండోది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. ఊళ్ళకు పోయేవి ఎర్రమట్టి దారులు. వాన పడిందంటే వ్యాను దిగబడుతుంది, రోగులు రారు, టెంటు కింద బురద. మనకూ నవంబరు తుఫాన్ల నెలే, చెన్నై విమానాలు ఎప్పుడు ఆగుతాయో తెలియదు. సంక్రాంతి దాటాక జనవరి చివర పెట్టుకుంటే అక్కడ వానలుండవు, టీకాలకూ అనుమతులకూ సమయం చిక్కుతుంది.

అనుమతుల సంగతి. పిలిచింది సంఘమే అయినా రోగిని తాకడానికి ఆ పిలుపు చాలదు. డాక్టర్లకు, పళ్ళ డాక్టరుకు ఉగాండా మెడికల్ అండ్ డెంటల్ ప్రాక్టీషనర్స్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక నమోదు కావాలి. నర్సులకు వేరే కౌన్సిల్ ఉంది: ఉగాండా నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్. డిగ్రీ, ఇక్కడి రిజిస్ట్రేషన్, గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (మన మీద ఏ చర్యా లేదని ఇక్కడి కౌన్సిల్ ఇచ్చే పత్రం) సిద్ధం చేసుకోండి. ఆలస్యమంతా ఈ గుడ్ స్టాండింగ్ దగ్గరే. ఏపీ మెడికల్ కౌన్సిల్‌లో రెన్యువల్ దాటిపోయిన డాక్టరుంటే ముందు అది కట్టి రావాలి. ఇవాళే నలుగురి రిజిస్ట్రేషన్ గడువులూ చూడండి. నాలుగు నెలలు చేతిలో పెట్టుకోండి.

వీసా ఆన్‌లైన్లోనే వస్తుంది. పర్యాటక వీసా తీసుకుని వైద్యం చేద్దామనుకోవద్దు. స్వల్పకాలం పనికి స్పెషల్ పాస్ అని ఉంది. మీ పనికి ఏది సరిపోతుందో ఆతిథ్య ఆసుపత్రి వాళ్ళే అక్కడి ఇమ్మిగ్రేషన్‌ను అడిగి రాతపూర్వకంగా తెప్పించాలి. ఆ జిల్లా ఆరోగ్యాధికారి నుంచి ఉత్తరం కూడా. మన దగ్గర డీఎంహెచ్‌ఓకు చెప్పకుండా వేరే రాష్ట్రం వాళ్ళు వచ్చి క్యాంపు పెడితే ఎట్లుంటుందో అక్కడా అంతే.

ఇక 400 మంది లెక్క. ఇంగ్లిష్ అక్కడ అధికార భాషే అయినా ఊళ్ళలో మాట్లాడేది లుసోగా. డాక్టరు ఇంగ్లిష్‌లో అడగాలి, దుబాసీ లుసోగాలో చెప్పాలి, జవాబు మళ్ళీ వెనక్కి రావాలి. ఒక్కో రోగికి 10 నిమిషాలకు తక్కువ పట్టదు. 6 గంటల్లో డాక్టరుకు 36 మంది. ముగ్గురికి 108. నాలుగు రోజులకు 430 మంది. ఇంతకు మించి చూస్తే మనిషిని చూసినట్టు కాదు, మాత్రలు పంచినట్టే. రోజుకు 100 టోకెన్లే ఇవ్వండి, 8 అత్యవసరాలకు ఉంచుకోండి. టోకెన్లు ముందు రోజే ఊరి ఆరోగ్య కార్యకర్తల చేత ఇప్పించండి. అక్కడ విలేజ్ హెల్త్ టీమ్ అంటారు, మన ఆశా అక్కల లాగా. ఎవరికి నిజంగా బాగలేదో వాళ్ళకే తెలుస్తుంది. గేటు దగ్గర ఇస్తే కాళ్ళల్లో బలమున్న వాళ్ళకే అందుతాయి.

8 ఊళ్ళు వద్దు. పూటకో ఊరంటే టెంటు కట్టడం, విప్పడంలోనే రోజుకు మూడు గంటలు పోతాయి. రెండు రోజులు ఆసుపత్రిలోనే కూర్చోండి, రెండు రోజులు రెండు ఊళ్ళు. దుబాసీలు ఎనిమిది మంది కావాలి: డాక్టరుకు ఒకరు చొప్పున నలుగురు, బీపీ, తూకం చూసే చోట ఇద్దరు, మందుల దగ్గర ఇద్దరు. మందుల దగ్గర ఒకరితో సరిపెట్టకండి. ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. ఆడవాళ్ళకు ఆడ దుబాసీనే పెట్టండి. రోగి ఇంటి పిల్లల చేత తర్జుమా చేయించొద్దు. వాళ్ళ రోజు కూలి బడ్జెట్‌లో రాసుకోండి.

మందుల షాపు, శ్రీకాళహస్తి

శాంపిళ్ళ మాట ముందు తేల్చేస్తాను. తీసుకోవద్దు. మందుల దానాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలున్నాయి. చేరే రోజుకు కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి, రోగులు వాడి మిగిల్చినవి, ఉచిత శాంపిళ్ళు ఇవ్వకూడదు, పెట్టె మీద జనరిక్ పేరు ఉండాలి. శాంపిల్ అంటే నాలుగు మాత్రలు ఒక కంపెనీవి, ఆరు మాత్రలు ఇంకో కంపెనీవి, గడువు ఆరు నెలలే. ఒక రోగికి పూర్తి కోర్సు కూడా కాదు. మిగిలిపోతే వాటిని కాల్చి పారేసే ఖర్చు ఆ చిన్న ఆసుపత్రి నెత్తిన పడుతుంది. ఇచ్చిన డాక్టర్లకు మర్యాదగా చెప్పి, ఆ విలువ డబ్బుగా అడగండి.

ఆరు పెట్టెలు కూడా వద్దు. ఉగాండాకు మందులు తేవాలంటే అక్కడి నేషనల్ డ్రగ్ అథారిటీ అనుమతి ముందే ఉండాలి. లేకుంటే ఎంటెబె విమానాశ్రయంలో పెట్టెలు ఆగిపోతాయి, మీరు నాలుగు రోజులూ ఖాళీ చేతులతో కూర్చుంటారు. దీనికి చక్కటి దారి ఉంది. కంపాలాలో న్సాంబ్యా అనే చోట జాయింట్ మెడికల్ స్టోర్ అని ఉంది. ఉగాండా కాథలిక్, ప్రొటెస్టెంట్ మెడికల్ బ్యూరోలు కలిసి 1979లో పెట్టిన మందుల గిడ్డంగి. మిషన్ ఆసుపత్రులకు సరఫరా చేయడానికే అది పుట్టింది. అక్కడ దొరికే మందుల్లో చాలా భాగం మన దేశంలో తయారైనవే. చిత్తూరు నుంచి మోసుకుపోవడానికి పెట్టే అదనపు లగేజీ డబ్బుతో అక్కడే కొనొచ్చు. పైగా ఆ మందులు అక్కడ నమోదైనవి, వాటి పేర్లు అక్కడి నర్సులకు తెలుసు, అయిపోతే మళ్ళీ అవే తెప్పించుకుంటారు. ఆతిథ్య ఆసుపత్రి పేరు మీద ఆరు వారాల ముందు ఆర్డర్ పెట్టించండి.

430 మందికి ఒక అంచనా చెప్తాను, అక్కడి క్లినికల్ ఆఫీసరుకు (అక్కడ డాక్టరు లాగా రోగులను చూసే, డిప్లొమా చదివిన వైద్య ఉద్యోగి) చూపించి సరిచేసుకోండి. పారాసిటమాల్ 500 మి.గ్రా. మాత్రలు 3,000. నులిపురుగులకు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. మాత్రలు 300, అవి కూడా ఆ ఊళ్ళో ప్రభుత్వం ఈమధ్య పంచలేదని తెలిస్తేనే. ఏడాది నుంచి రెండేళ్ళ బిడ్డకు అర మాత్ర, అదీ పొడి చేసి నీళ్ళలో. గర్భం మొదటి మూడు నెలల్లో వద్దు. రక్తపు చుక్కతో మలేరియా పరీక్ష చేసే కిట్లు 25 చొప్పున పెట్టెల్లో వస్తాయి. జ్వరమని చెప్పేవాళ్ళు మూడో వంతు అనుకుంటే 7 పెట్టెలు. మలేరియా మందు ఆర్టిమెథర్-లూమెఫాంట్రిన్‌కు రోగి తూకాన్ని బట్టి నాలుగు రకాల ప్యాకింగులుంటాయి, నాలుగూ తెప్పించండి. పెద్దవాళ్ళ స్ట్రిప్పు కత్తిరించి పిల్లలకిస్తే లెక్క తప్పుతుంది. ఆ మందు పాలతోనో, కాస్త కొవ్వున్న తిండితోనో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. ఈ మాట దుబాసీ చెప్పి తీరాలి. గజ్జి, తామర మందులు పుష్కలంగా పెట్టుకోండి. ఒక ఇంట్లో ఒకరికి గజ్జి ఉంటే ఇంటిల్లిపాదికీ ఇవ్వాలి కాబట్టి మనిషి లెక్క కాకుండా ఇంటి లెక్క వేయండి.

ఓఆర్ఎస్ గురించి ప్రత్యేకంగా చెప్తున్నా. మన దగ్గర లీటరు ప్యాకెట్టూ, 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్టూ రెండూ అమ్ముతారు. ఒకే క్యాంపులో రెండూ ఉంచొద్దు. లీటరు పొడిని గ్లాసులో కలిపి తాపిస్తే బిడ్డ రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ వస్తాయి. ఒకే రకం తెప్పించి, అక్కడి లీటరు సీసా ఒకటి మందుల బల్ల మీద పెట్టి, కలిపి చూపించండి. విరేచనాల బిడ్డకు జింక్ 20 మి.గ్రా. 10 నుంచి 14 రోజులు, ఆరు నెలల లోపు బిడ్డకు 10 మి.గ్రా.

ట్రమడాల్, డయాజెపామ్ లాంటివి సామానులో ఒక్క స్ట్రిప్పు కూడా ఉండకూడదు. ట్రమడాల్ మన దేశంలో 2018 నుంచి మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. చెన్నైలోనే ఇబ్బంది పడతారు. ఎవరైనా సొంతానికి వాడుతుంటే చీటీ, బిల్లు, అసలు స్ట్రిప్పు చేతిసంచీలో ఉండాలి.

ఇక్కడి నుంచి తీసుకెళ్ళదగ్గవి మందుల కవర్లు. సూర్యుడు, చంద్రుడు, పళ్ళెం బొమ్మలు అచ్చేసిన జిప్ కవర్లు 1,500. చదువు రాని అవ్వకు కూడా ఎప్పుడు వేసుకోవాలో తెలుస్తుంది. బరువూ లేదు, అనుమతీ అక్కర్లేదు.

సంఘం సెక్రటరీ, చిత్తూరు

సిస్టర్‌కూ అన్నకూ వందనాలు. తేదీ జనవరి చివరికి మార్చడానికి కమిటీ ఒప్పుకుంది. శాంపిళ్ళు వద్దని చెప్పేశాం. ఇంకో మూడు సంగతులు. మా పాస్టర్ అయ్యగారికి 63 ఏళ్ళు, షుగరు కూడా ఉంది. ఎల్లో ఫీవర్ టీకా తప్పదంటున్నారు, వేయించొచ్చా? పళ్ళ డాక్టరు రోజుకు 60 పళ్ళు తీస్తానంటున్నారు, పనిముట్లు ఎన్ని కావాలి? డబ్బు ట్రస్టు ఖాతా నుంచి ఖర్చు పెట్టొచ్చా?

ట్రావెల్ టీకాల డాక్టరు, తిరుపతి

ఉగాండాలో అడుగుపెట్టడానికి ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడుగుతారు. అంతకంటే గట్టిగా మన వాళ్ళు తిరుగు ప్రయాణంలో అడుగుతారు. అది లేకుండా చెన్నైలో దిగితే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం విమానాశ్రయ ఆరోగ్యాధికారికి ఉంది. టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. 2016 నుంచి ఒక్క డోసే జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయాలి. మనకు దగ్గర్లో చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 14 మందికి ఒకే రోజు దొరక్కపోవచ్చు, రెండు మూడు విడతలుగా ముందే రాయించుకోండి. అసలు పాస్‌పోర్టు తీసుకెళ్ళాలి. సర్టిఫికెట్లో పేరు, పాస్‌పోర్టు నంబరు అక్షరం తప్పకుండా ఉన్నాయో అక్కడే నిలబడి చూసుకోండి. పాస్‌పోర్టు రెన్యువల్ చేయించాల్సిన వాళ్ళుంటే ముందు తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రం పని ముగించి, తర్వాత టీకాకు పోండి.

అయ్యగారి విషయం. ఇది బతికున్న వైరస్‌తో చేసే టీకా. 60 దాటాక మొదటిసారి వేసుకునే వాళ్ళలో తీవ్రమైన దుష్ఫలితాలు అరుదే అయినా చిన్నవాళ్ళ కంటే ఎక్కువ. షుగరు ఒక్కటే అయితే అడ్డు కాదు. స్టిరాయిడ్లు, కాన్సర్ మందులు వాడుతుంటే, థైమస్ గ్రంథి జబ్బుంటే, గుడ్డుకు తీవ్రమైన అలర్జీ ఉంటే వేయకూడదు. ఆయన్ను చూసే డాక్టరు కూర్చుని తూచి చెప్పాలి. టీకా వద్దని మినహాయింపు ఉత్తరం తెచ్చుకోవచ్చు గానీ, ఆ ఉత్తరంతో దోమలు ఆగవు. నా సలహా అడిగితే ఈసారికి అయ్యగారు చిత్తూరులోనే ఉండి, ఫోన్ దగ్గర కూర్చుని, 14 మంది ఇళ్ళకూ రోజూ కబురు చెప్పే పని చేయాలి. అది చిన్న పనేం కాదు.

జనవరి చివర ప్రయాణం, ఇప్పుడు జూన్. హెపటైటిస్-బి మూడు డోసులు 0, 1, 6 నెలలకు. ఈ వారమే మొదలుపెడితే మూడోది డిసెంబరులో పడుతుంది. నర్సులూ డాక్టర్లే కాదు, మీ ఐదుగురూ వేయించుకోండి, సూదుల డబ్బా మోసేది మీరే. టైఫాయిడ్ కాంజుగేట్ ఒక డోసు, ధనుర్వాతం బూస్టర్ ఒకటి. కుక్కకాటు టీకా ముందస్తుగా రెండు డోసులు, 0, 7 రోజులకు. ఊళ్ళలో కుక్క కరిస్తే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ దొరకడం కష్టం, ముందే టీకా ఉంటే ఆ ఇంజెక్షన్ అవసరం ఉండదు.

మలేరియాకు మాత్ర అందరికీ. చిన్నప్పుడు మనకు వచ్చిపోయిందిలే అనుకోవద్దు, ఆ రక్షణ ఏనాడో పోయింది. బుసోగాలో ఎక్కువగా ఉన్నది ఫాల్సిపేరం అనే ప్రమాదకర మలేరియా రకం, క్లోరోక్విన్‌కు లొంగదు. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజూ ఒకటి, బయలుదేరే ముందు రోజు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 4 వారాలు. ఆ నాలుగు వారాలే జనం మానేస్తారు, జ్వరం పట్టుకునేదీ అప్పుడే. నిండు గ్లాసు నీళ్ళతో, తిన్న తర్వాత వేసుకుని అరగంట పడుకోకూడదు. ఉపవాస ప్రార్థన పెట్టుకున్న రోజు ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతులు, గొంతు కింద పుండు. ఆ రోజు రాత్రి భోజనం తర్వాతకు మార్చుకోండి. గర్భిణులకు డాక్సీ పనికిరాదు. ఇంకో మలేరియా నివారణ మాత్ర మెఫ్లోక్విన్ వారానికొకటే అయినా మానసిక జబ్బు, ఫిట్స్ చరిత్ర ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదు.

వచ్చిన మూడు నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా మొదటి మాట "ఆఫ్రికా వెళ్ళొచ్చాను" అని చెప్పాలి. మన ఓపీల్లో జ్వరమంటే డెంగీ, టైఫాయిడ్ మీదికి పోతుంది చూపు. ఫాల్సిపేరం రెండు రోజులు ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

సూది గుచ్చుకుంటే: పిండకండి, సబ్బు నీళ్ళతో కడగండి, వెంటనే బృంద నాయకుడికి చెప్పండి. హెచ్ఐవి నివారణ మందు మొదటి రెండు గంటల్లో మొదలైతే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి. ఆ మందు ఆతిథ్య ఆసుపత్రిలో ఏ బీరువాలో ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంది అన్నది మొదటి రోజు పొద్దునే చూసి రాసుకోండి.

విక్టోరియా సరస్సులో, నైలు ఒడ్డున స్నానం వద్దు, బాప్తిస్మమైనా సరే తొట్టిలోనే. ఆ నీళ్ళలో నత్తల నుంచి వచ్చే బిల్హార్జియా పురుగు చర్మం గుండా దూరుతుంది. ఆరుబయట ఆరేసిన బట్టలు ఇస్త్రీ చేయకుండా తొడగొద్దు. ఒక రకం ఈగ వాటి మీద గుడ్లు పెడుతుంది, పురుగు చర్మంలోకి పోయి గడ్డ లేస్తుంది. చెడ్డీలు, బనియన్లు కూడా ఇస్త్రీ చేయాలి.

చివరగా ఎబోలా. 2025 జనవరి 30న కంపాలాలో సుడాన్ వైరస్ రకం బయటపడిందని ప్రకటించారు, ఏప్రిల్ 26న ముగిసిందన్నారు. ఇట్లాంటి ప్రకటన వస్తే యాత్ర ఆపేయాలని ఇప్పుడే కమిటీలో రాసి సంతకాలు పెట్టుకోండి. టికెట్లు డబ్బు వెనక్కి వచ్చే రకానివి తీసుకోండి. ఆ రోజు వచ్చాక కూర్చుంటే "విశ్వాసముంటే పోదాం" అనే మాట ఎవరో ఒకరు అంటారు, ఎవరూ కాదనలేరు.

పళ్ళ ఆసుపత్రి టెక్నీషియన్, పలమనేరు

అన్నా, రోజుకు 60 పళ్ళు అయ్యేది కాదు. డాక్టరు చెయ్యి ఎంత వేగమో లెక్క కాదు, ఆటోక్లేవ్ (ఆవిరితో పనిముట్లను శుద్ధి చేసే పెట్టె) ఎంత వేగమో అదే లెక్క. పనిముట్లు రుద్ది కడిగేదానికి 10 నిమిషాలు, వేడెక్కేదానికి 15, ఆవిరిలో 30, చల్లారి ఆరేదానికి 20. ఒక విడతకు గంటంబావు. పెట్టెలో 6 సెట్లు పడతాయనుకో. 12 సెట్లు ఉంటే 6 గంటల్లో ఒక డాక్టరు 24 మందిని చూడొచ్చు, మనిషికి 15 నిమిషాలు లెక్కన. అంతకు మించి టోకెన్ ఇస్తే సాయంత్రానికి ఎవరో ఒకరు సెట్టును స్పిరిట్‌లో ముంచి వాడేస్తారు. హెపటైటిస్-బి స్పిరిట్‌లో ముంచితే పొయ్యేది కాదు.

ఇంటి కుక్కర్ పనికిరాదు. పీడనం మీటరుండే పోర్టబుల్ ఆటోక్లేవ్ తీసుకోవల్ల. ఆవిరి బాగా బుస్సుమని ఒక ధారగా వచ్చేదాకా ఐదు నిమిషాలు గాలి బయటికి పోనిచ్చి ఆమీట వాల్వు మూయల్ల. లోపల గాలి మిగిలితే మీటరు 15 పౌండ్లు చూపిస్తాది గానీ వేడి ఎక్కదు. ఇంకొకటి ఎవురూ చెప్పరు. విక్టోరియా సరస్సే సముద్రానికి 1,130 మీటర్ల పైన ఉండాది. ఆ ఎత్తులో అదే 15 పౌండ్లకు వేడి 121 డిగ్రీలు రాదు, రెండు డిగ్రీలు తగ్గుతాది. అందుకే మనం ఇక్కడ 20 నిమిషాలు పెట్టేది అక్కడ 30 పెట్టల్ల. పనిముట్ల పొట్లానికి అంటించే టేపు మీద నల్లగీతలు వస్తే వేడి తగిలిందని అర్థం, అంతే. సూక్ష్మజీవులు చచ్చేంత వేడి, ఆవిరి, సమయం లోపల కుదిరినాయా లేదా అనేదానికి లోపల పెట్టే ఐదో తరగతి ఇండికేటర్ పట్టీ వాడల్ల. విడతకొకటి, నాలుగు రోజులకు 30 పట్టీలు తీసుకోండి.

కరెంటు అక్కడ 240 వోల్టులు, మన మిషన్లు నడుస్తాయి. ప్లగ్ మాత్రం వేరే, మూడు చదరపు పిన్నులుండేది. అడాప్టర్లు 4 పెట్టుకోండి, ఆటోక్లేవ్‌కు మాత్రం చీప్ అడాప్టర్ పెడితే కాలిపోతాది, ప్లగ్గే మార్పించండి. ఊళ్ళో కరెంటు పోతే గ్యాసు మీద పెట్టే రకం ఉంటే మేలు.

మత్తు మందు 30 మిల్లీలీటర్ల వయల్‌లోకి ఒకసారి ఒకరికి గుచ్చిన సూది మళ్ళా పోరాదు. సిరంజి మార్చకుండా సూదొకటే మార్చినా తప్పే. బీపీ 180/110 దాటిన వాళ్ళకు ఆ పొద్దు పన్ను పీకొద్దు.

నాలుగో రోజు అసలు పన్ను తీయొద్దన్నా. రక్తం ఆగకపోవడం ఆ రాత్రే తెలుస్తాది, గుంత ఎండి నొప్పి పుట్టేది రెండు నుంచి నాలుగో రోజుల్లో. మీరు విమానంలో ఉంటారు, ఆ మనిషి దవడ పట్టుకుని ఎవరి దగ్గరికి పోవల్ల? తీసేదంతా మొదటి మూడు రోజుల్లో తీసేయండి, నాలుగో రోజు తిరిగొచ్చిన వాళ్ళను చూడండి, పిల్లలకు పళ్ళు తోముకునేది చూపించండి.

ఆడిట్ ఆఫీసు, తిరుపతి

డబ్బు గురించి క్లుప్తంగా. ట్రస్టుకు పన్ను మినహాయింపు నమోదు ఉంటే, ఆ మినహాయింపు మన దేశంలో చేసిన ధర్మకార్యాల ఖర్చుకే. విదేశంలో పెట్టిన ఖర్చు ప్రత్యేక అనుమతి లేకుండా లెక్కలోకి రాదు. విదేశీ విరాళాల ఖాతా డబ్బు దీనికి అసలే ముట్టుకోవద్దు. ఎవరి టికెట్టు, ఎవరి ఖర్చు వాళ్ళ సొంత బ్యాంకు ఖాతా నుంచే పోవడం శుభ్రంగా ఉంటుంది. మందుల డబ్బు కూడా వ్యక్తులుగానే ఆతిథ్య ఆసుపత్రి ఖాతాకు బ్యాంకు ద్వారా పంపి రసీదు తీసుకోండి. డాలరు నోట్లు మనిషికి ఒక ప్రయాణానికి 3,000 దాకా తీసుకెళ్ళొచ్చు. కొత్త నోట్లు, పెద్ద నోట్లు అడిగి తీసుకోండి. పాతవి, చిరిగినవి, మీద గీతలున్నవి అక్కడ మార్చరు, మార్చినా రేటు కోస్తారు.

ఇన్సూరెన్సు పాలసీలో రెండు వాక్యాలు వెతకండి. అత్యవసరంగా విమానంలో తరలించే ఖర్చు ఉందా, స్వచ్ఛంద వైద్య సేవలో జరిగిన ప్రమాదాన్ని మినహాయించారా. డాక్టర్ల వృత్తి బీమా సాధారణంగా భారతదేశం పరిధికే ఉంటుంది. దాన్ని నమ్ముకుని పోకూడదు.

కళ్ళద్దాల షాపు, పుత్తూరు

ఇంతమంది రాశారు గానీ కళ్ళద్దాల మాట ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో 9 రోజుల యాత్రలో ఇచ్చి వచ్చేయగలిగిన వైద్యం ఇదొక్కటే. రేపు మీరు లేకపోయినా పనిచేస్తుంది. 40 దాటిన వాళ్ళకు దగ్గరి చూపు అద్దాలు 200 జతలు: +1.00 ఇరవై, +1.50 యాభై, +2.00 అరవై, +2.50 నలభై ఐదు, +3.00 ఇరవై ఐదు. బరువు ఐదారు కేజీలే. అక్షరాలు రాని వాళ్ళకు చార్టు బదులు సూదిలో దారం, బియ్యంలో రాళ్ళు పెట్టి చూడండి, కంటికి 40 సెంటీమీటర్ల దూరంలో. కనపడే అద్దాల్లో తక్కువ పవరుదే ఇవ్వాలి. ఎక్కువ పవరు బాగుందంటారు, నాలుగు రోజులకు తలనొప్పని పక్కన పడేస్తారు. కనుపాప తెల్లగా ఉంటే అద్దం ఇచ్చి పంపకండి, పేరు రాసి శుక్లం ఆపరేషన్ జాబితాలో పెట్టండి. బీపీ మాత్రలు నెలకిచ్చి వదిలేయడం కంటే ఇది నూరుపాళ్ళు నయం.

మిషన్ ఆసుపత్రి నర్సు, గుడిపాల

అద్దాల అన్న చెప్పింది బాగుంది, బీపీ మాట దగ్గర మాత్రం కొంచెం సవరణ. నెల మాత్రలిచ్చి వదిలేస్తే నష్టమే, ఒప్పుకుంటాను. ఆగిన రోజు బీపీ మళ్ళీ ఎగదన్నుతుంది. అట్లని చూడకుండా ఉండకూడదు. ఒక్కసారి చూసి మందు మొదలుపెట్టకండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి రెండుసార్లు చూడండి, ఎక్కువుంటే ఆ ఆసుపత్రి బీపీ క్లినిక్ రోజు ఏదో కనుక్కుని ఆ తేదీ రాసివ్వండి. వాళ్ళ దగ్గర ఎప్పుడూ దొరికే మందునే, అదీ వాళ్ళే మొదలుపెట్టాలి. 180/110 దాటితే ఆ రోజే అక్కడి క్లినికల్ ఆఫీసరుకు అప్పగించండి.

జ్వరంలో మలేరియా కిట్టు చదివే సమయం పెట్టె మీద రాసి ఉంటుంది, టైమర్ పెట్టుకోండి. గంట తర్వాత చూస్తే లేని గీత కూడా కనపడుతుంది. మలేరియా తగ్గిన కొన్ని వారాల దాకా ఆ కిట్టు పాజిటివే చూపిస్తుంది కాబట్టి "పోయిన నెల మందు వేసుకున్నావా" అని అడగాలి. పాలిపోయిన పిల్లల్లో సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) కూడా గుర్తుంచుకోండి, ఆ ప్రాంతంలో అది ఎక్కువ. ఐరన్ సిరప్ చేతిలో పెట్టి పంపేస్తే అసలు జబ్బు తెలియకుండా పోతుంది.

ప్రార్థన గుడారం మందుల బల్ల దాటిన తర్వాత ఉండాలి, ముందు కాదు. మందులు చేతికొచ్చాక ఇష్టమైన వాళ్ళు వస్తారు, వద్దనుకున్న వాళ్ళు ఇంటికి పోతారు. బుసోగాలో ముస్లిం కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. ప్రార్థనకు కూర్చుంటేనే మందు అన్నట్టు ఎవరికీ అనిపించకూడదు. రోగుల ఫొటోలు, ముఖ్యంగా పిల్లల ముఖాలు, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. ఉగాండాలో 2019 నుంచి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది. చట్టం లేకున్నా మన ఇంటి బిడ్డ పుండును ఎవరో లోకానికి చూపిస్తే మనం ఒప్పుకోం కదా.

తిండికి భయపడకండి. పోషో అని మొక్కజొన్న పిండితో మన సంగటి లాగే చేస్తారు, చిక్కుడు గింజల కూరతో పెడతారు. పచ్చడి సీసా తీసుకెళ్తే చాలు.

అక్కడ రోగులు బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి ఆసుపత్రికి తెచ్చుకుంటారు. వాళ్ళ చీటీ, రిపోర్టు అన్నీ అదే. మీ సంఘం పేరు అచ్చేసిన కార్డులు కొట్టించకండి. ఆ పుస్తకంలోనే తేదీ, బీపీ, జబ్బు, మందు జనరిక్ పేరు, ఎన్ని రోజులు అన్నది గొలుసుకట్టు లేకుండా విడి అక్షరాలతో ఇంగ్లిష్‌లో రాయండి. పుస్తకం లేని వాళ్ళకు ఇవ్వడానికి 150 పుస్తకాలు జింజాలోనే కొనండి. ఆసుపత్రికి వేరే రిజిస్టరు ఒకటి పెట్టి, పై ఆసుపత్రికి పంపాల్సిన వాళ్ళ పేర్లు ఎర్రసిరాతో రాయండి: శుక్లాలు, వరిబీజాలు, 180 దాటిన బీపీలు, మెడ గడ్డలు. వాళ్ళ బస్సు ఛార్జీలకు, మొదటి పరీక్షలకు కొంత డబ్బు ఆసుపత్రి ఖాతాలో కట్టి రసీదు తీసుకోండి. ఆఖరి రోజు మధ్యాహ్నం రోగులను ఆపేసి, రెండు గంటలు క్లినికల్ ఆఫీసరుతో కూర్చుని ఆ ఎర్రసిరా పేర్లు ఒక్కొక్కటే చదివి అప్పజెప్పండి. రిజిస్టరు అక్కడే ఉంచేయండి, పొరపాటున సామానుతో పాటు చిత్తూరు తెచ్చేయకండి.